రెండు డిగ్రీలు, ఎనిమిదేళ్లు: ఇంజినీర్లకు ఎండీ–పీహెచ్‌డీ దారి

పెద్ద కంటి ఆసుపత్రులకు వెళ్లినవాళ్లలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. మసక వెలుతురు గదిలో ఒక యంత్రం ముందు కూర్చోబెడతారు. గడ్డం ఆనించమంటారు, నుదురు పట్టీకి తగిలించమంటారు, లోపల కనిపించే చిన్న గుర్తునే చూస్తూ రెప్ప వేయకుండా ఉండమంటారు. కొన్ని సెకన్లలో పని అయిపోతుంది. కంటి వెనక ఉండే రెటీనా, అడ్డంగా కోసి చూపినట్టు, పొరలు పొరలుగా తెర మీదికి వస్తుంది. షుగరు వల్ల అక్కడ నీరు చేరిందా, చేరితే ఏ పొరల మధ్య చేరింది అన్నది డాక్టరు ఆ బొమ్మ చూసే చెబుతారు. రిపోర్టు మీద ఓసీటీ అని ఉంటుంది.

దీన్ని అల్ట్రాసౌండ్‌కు తమ్ముడనుకోవచ్చు. అల్ట్రాసౌండ్ శబ్దాన్ని లోపలికి పంపి, ప్రతిధ్వని ఎంతసేపటికి తిరిగొచ్చిందో కొలుస్తుంది. ఓసీటీ శబ్దానికి బదులు కాంతిని పంపుతుంది. చిక్కంతా ఇక్కడే. కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. రెటీనా మొత్తం మందం మిల్లీమీటరులో పావు వంతు. అందులో ఒక పొర నుంచీ దాని పక్క పొర నుంచీ తిరిగొచ్చే కాంతుల మధ్య తేడాను పట్టుకునేంత వేగమైన ఎలక్ట్రానిక్ గడియారం లేదు. అందుకని కాంతిని రెండు పాయలు చేస్తారు. ఒక పాయ కంట్లోకి వెళుతుంది, రెండోది అద్దం మీదికి. తిరిగొచ్చిన రెండింటినీ కలుపుతారు. రెండూ సమాన దూరం తిరిగి వచ్చినప్పుడే వాటి అలలు జతకూడతాయి. అద్దం ఎంత దూరంలో ఉందో ముందే తెలుసు కాబట్టి, పొర ఎంత లోతులో ఉందో తెలిసిపోతుంది. గడియారంతో పనే లేదు.

ఈ పద్ధతిని లోకానికి చెప్పిన పరిశోధనా పత్రం 1991 నవంబరులో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. దాని రచయితల్లో మొదటి పేరు డేవిడ్ హువాంగ్‌ది. అప్పటికి ఆయన ఇంకా విద్యార్థి. ఎంఐటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి, హార్వర్డ్, ఎంఐటీ కలిసి నడిపే కార్యక్రమంలో డాక్టరు చదువూ పీహెచ్‌డీ రెండూ చేస్తున్నారు. ఆయన పనిచేసిన ల్యాబు జేమ్స్ ఫుజిమోటోది. ఫుజిమోటో లేజర్ల నిపుణుడు. ఇంకో సహచరుడు ఎరిక్ స్వాన్సన్ ఉపగ్రహాల మధ్య లేజర్ సంకేతాలు పంపడం మీద పనిచేసిన ఇంజినీరు. 2023లో ఈ ముగ్గురికీ కలిపి లాస్కర్ అవార్డు ఇచ్చారు.

హువాంగ్ చదివిన ఆ జంట చదువులోకి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి ఎలా వెళ్లవచ్చు, వెళ్లాలంటే ఏం కావాలి, అసలు వెళ్లాలా వద్దా అన్నది ఈ వ్యాసం. విషయం అమెరికాది. మన ఊళ్లకు, మన కుటుంబాలకు దానితో ఉన్న సంబంధం దారిలో వస్తుంది.

పేరు దగ్గరే తడబాటు

మన దగ్గర ఎండీ అంటే ఎంబీబీఎస్ తర్వాత చేసే పీజీ. అమెరికాలో ఎండీ అంటే మొదటి వైద్య డిగ్రీ, మన ఎంబీబీఎస్ స్థాయిది. అయితే అది అక్కడ ఇంటర్ తర్వాత దొరకదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ చేసి, ఆ తర్వాత నాలుగేళ్ల మెడికల్ స్కూల్‌కు వెళతారు. మొదటి డిగ్రీ ఏ సబ్జెక్టులో ఉండాలన్న నియమం లేదు. సంగీతం చదివినవాళ్లూ వెళతారు, మెకానికల్ చదివినవాళ్లూ వెళతారు. కొన్ని నిర్ణీత కోర్సులు పూర్తిచేసి ఉంటే చాలు.

మన పిల్లలకు పదో తరగతి అయిన వేసవిలోనే ఎంపీసీనా, బైపీసీనా అని తేలిపోతుంది. ఒకసారి గీత దాటితే వెనక్కి రావడం కష్టం. అక్కడ ఆ గీత లేదు. సర్క్యూట్లు చదువుతున్న ఇరవై ఏళ్ల కుర్రాడు గుండె మీదికి మనసు మళ్లించుకునే వీలుంది.

ఎండీ–పీహెచ్‌డీ అంటే ఈ వైద్య డిగ్రీనీ పరిశోధన డిగ్రీనీ ఒకే ప్రవేశంతో, ఒకే విశ్వవిద్యాలయం గొడుగు కింద పూర్తిచేయడం. మామూలుగా మొదట రెండేళ్లు వైద్య పాఠాలు. తర్వాత మెడికల్ స్కూల్‌ను పక్కనపెట్టి ల్యాబులోకి వెళతారు. అక్కడ మూడు నుంచి ఐదేళ్లు పీహెచ్‌డీ. థీసిస్ ముగిశాక మళ్లీ వచ్చి, మిగిలిన రెండేళ్లు వార్డుల్లో రోగుల దగ్గర గడుపుతారు. మొత్తం కలిపి సగటున ఎనిమిదేళ్లు. ల్యాబులో నాలుగేళ్లు గడిపి వచ్చినవాళ్లకు స్టెతస్కోపు కొత్తగా అనిపిస్తుందంటారు. అందుకే చాలా స్కూళ్లు పీహెచ్‌డీ రోజుల్లో కూడా వారానికో రెండు వారాలకో ఒకసారి క్లినిక్‌కు వెళ్లే ఏర్పాటు చేస్తాయి.

ఈ కలయికకు మొదటి కార్యక్రమం 1956లో క్లీవ్‌లండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్‌లో మొదలైంది. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 1964లో దీనికి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పథకం పేరు ఎంఎస్‌టీపీ (వైద్యుడే శాస్త్రవేత్త కూడా అయ్యేలా తర్ఫీదు ఇచ్చే పథకం). మొదట మూడు సంస్థలకే ఇచ్చారు. ఇప్పుడు యాభైకి పైగా స్కూళ్లకు ఆ నిధులు అందుతున్నాయి. వీటిలో చేరినవాళ్లకు ట్యూషన్ ఫీజు ఉండదు. పైగా స్టైపెండ్ (చదువుకుంటుండగా నెలనెలా ఇచ్చే భృతి) వస్తుంది. ఊరిని బట్టి ఏడాదికి 30 వేల డాలర్లు మొదలుకొని 40 వేలు దాటేదాకా ఉంటుంది. ప్రైవేటు మెడికల్ స్కూళ్లలో ఏడాది ఫీజే 60 వేల డాలర్లు దాటే చోట ఇది పెద్ద మాటే. ఆ మాటే చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. దాని సంగతి తర్వాత.

ఏటా ఎండీ కోర్సుల్లో కొత్తగా చేరేవాళ్లు ఇరవై వేలకు పైనే. వాళ్లలో ఎండీ–పీహెచ్‌డీలో చేరేవాళ్లు సుమారు 3 శాతం.

ఇంజినీరుకు ఎక్కడ అడ్డుపడుతుంది

మెడికల్ స్కూళ్లకు ఇంజినీర్ల మీద చిన్నచూపు లేదు. నిజానికి ఇప్పుడు మొగ్గు ఇటువైపే ఉంది. స్కానింగ్ బొమ్మలు చదివే కంప్యూటర్ ప్రోగ్రాములు, మెదడులో అమర్చే ఎలక్ట్రోడ్లు, రోబో సర్జరీ, ఇవన్నీ ఇంజినీరింగ్ భాష తెలిసిన వైద్యులను అడుగుతున్నాయి. ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయం 2018లో ఇంజినీరింగ్ పునాదిగా కార్ల్ ఇల్లినాయిస్ అనే మెడికల్ కాలేజీనే తెరిచింది. టెక్సస్ ఏ అండ్ ఎం హ్యూస్టన్‌లో ఎండీతో పాటు ఇంజినీరింగ్ మాస్టర్స్ ఇచ్చే నాలుగేళ్ల కోర్సు నడుపుతోంది. హార్వర్డ్–ఎంఐటీ కార్యక్రమమైతే 1970 నాటిది.

అడ్డు పడేది టైమ్‌టేబుల్. మెడికల్ స్కూళ్లు సాధారణంగా ల్యాబుతో కూడిన ఏడాది బయాలజీ, ఏడాది జనరల్ కెమిస్ట్రీ, ఏడాది ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఏడాది ఫిజిక్స్, ఒక సెమిస్టర్ బయోకెమిస్ట్రీ అడుగుతాయి. ఫిజిక్సు, లెక్కలు ఇంజినీరుకు ఎలాగూ ఉంటాయి. కెమికల్, బయోమెడికల్ విద్యార్థులకు మిగిలినవి కూడా చాలావరకు కలిసొస్తాయి. ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్ వాళ్లకు మాత్రం బయాలజీ, ఆర్గానిక్, బయోకెమిస్ట్రీ కలిపి ఐదు సెమిస్టర్ కోర్సులు నెత్తిన పడతాయి. ఇంజినీరింగ్ డిగ్రీలో ఖాళీ గడులు తక్కువ. పైగా ఇవి గొలుసు కోర్సులు. ఆర్గానిక్ అయితేనే బయోకెమిస్ట్రీ, జనరల్ కెమిస్ట్రీ అయితేనే ఆర్గానిక్. మూడో ఏడు మధ్యలో నిర్ణయించుకున్నవాళ్లకు ఈ గొలుసు డిగ్రీలోపు పూర్తికాదు. హైస్కూల్లో ఏపీ పరీక్ష (కాలేజీ క్రెడిట్ ఇచ్చే పరీక్ష) రాసి కెమిస్ట్రీ తప్పించుకున్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. కొన్ని మెడికల్ స్కూళ్లు ఆ క్రెడిట్‌ను ఒప్పుకోవు.

రెండో అడ్డు మార్కులు. అమెరికాలో చాలా మెడికల్ స్కూళ్లకు దరఖాస్తులు ఆమ్‌కాస్ అనే ఉమ్మడి వ్యవస్థ ద్వారా వెళతాయి. అది జీపీఏను రెండు రకాలుగా లెక్కవేస్తుంది. ఒకటి మొత్తం జీపీఏ. రెండోది బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కలు, ఈ నాలుగింటిది మాత్రమే. థర్మోడైనమిక్స్, సిగ్నల్స్, కంట్రోల్ సిస్టమ్స్ వంటి కోర్సులు ఇంజినీరింగ్ శాఖవి కాబట్టి మామూలుగా ‘ఇతరాలు’ ఖాతాలోకి పోతాయి. రాత్రులు మేల్కొని తెచ్చుకున్న గ్రేడు సైన్స్ జీపీఏలో కనిపించదు. ఎండీ–పీహెచ్‌డీలో చేరినవాళ్ల సగటు జీపీఏ 3.8 దగ్గర ఉంటుంది. ఇంజినీరింగ్ కష్టమని కమిటీలకు తెలుసు. అయినా ఆ కష్టానికి ఇన్ని పాయింట్లని కలిపే పట్టిక ఎక్కడా లేదు. కాస్త తగ్గిన జీపీఏను ఎంక్యాట్ స్కోరు, పరిశోధన మోయాలి.

ఎంక్యాట్ మన నీట్ లాంటి ప్రవేశ పరీక్ష. అయితే దానిలో ర్యాంకు లేదు, స్కోరే. 472 నుంచి 528 వరకు ఉంటుంది. ఎండీ–పీహెచ్‌డీలో చేరినవాళ్ల సగటు 516 దగ్గర. విరామాలతో కలిపి ఏడున్నర గంటల పరీక్ష, 230 ప్రశ్నలు. నాలుగు భాగాల్లో ఒకటి భౌతిక, రసాయన శాస్త్రాలది, ఒకటి జీవశాస్త్రానిది, ఒకటి మనస్తత్వ, సామాజిక శాస్త్రాలది, మిగిలినది పూర్తిగా చదివి అర్థం చేసుకునే భాగం.

ఇంజినీర్లు తేలిగ్గా తీసుకుని దెబ్బతినేది మొదటి భాగం దగ్గర. కారణం కాలిక్యులేటర్ ఇవ్వరు. ఒక ద్రావణంలో హైడ్రోజన్ అయాన్ల గాఢత లీటరుకు 3 ఇంటూ 10 పవర్ మైనస్ 5 మోల్స్, దాని పీహెచ్ ఎంత అని అడిగారనుకోండి. ఇంజినీరు చెయ్యి అలవాటుగా కాలిక్యులేటర్ వెతుక్కుంటుంది. అక్కడ చేయాల్సింది వేరు. 3కి లాగరిథమ్ దాదాపు అర. 5లోంచి అర తీసేస్తే నాలుగున్నర. ఇచ్చిన నాలుగు జవాబుల్లో నాలుగున్నరకు దగ్గరగా ఉన్నది ఒకటే ఉంటుంది. గుర్తుపెట్టి ముందుకు పోవాలి. మూడు దశాంశాల ఖచ్చితత్వం కోసం ఆగినవాళ్లకు టైము చాలదు. ఖచ్చితత్వమే తమ వృత్తిధర్మంగా పెరిగినవాళ్లకు ఇది కొత్తగా నేర్చుకోవలసిన విద్యే.

ప్రాజెక్టు వేరు, పరిశోధన వేరు

దరఖాస్తులో అన్నిటికన్నా బరువైనది పరిశోధన. ఎండీకి మాత్రమే వెళ్లేవాళ్లు ఒక వ్యాసం రాస్తారు. ఎండీ–పీహెచ్‌డీ వాళ్లు మూడు రాయాలి. మొదటిది డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నారో చెప్పేది, 5,300 అక్షరాల లోపు. రెండోది రెండు డిగ్రీలూ ఎందుకో చెప్పేది, 3,000 అక్షరాలు. మూడోది మీ పరిశోధన గురించి, 10,000 అక్షరాలు. ఏ వ్యాసానికి ఎంత చోటిచ్చారో చూస్తే వాళ్లు దేనికి విలువ ఇస్తున్నారో చెప్పకనే తెలుస్తుంది.

ఇక్కడ ఇంజినీర్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. ఉదాహరణతో చూద్దాం.

ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివే ఒక అమ్మాయి చివరి ఏడాది ప్రాజెక్టుగా పల్స్ ఆక్సీమీటర్ తయారుచేసిందనుకోండి. కోవిడ్ రోజుల్లో మన ఇళ్లలోకి వచ్చిన ఆ వేలి క్లిప్పే. ఆమె మొదటి చిత్తుప్రతి ఇలా ఉంటుంది: ఫలానా చిప్ వాడాం, ఫలానా ఫిల్టర్ పెట్టాం, మార్కెట్లో దొరికే దానితో పోలిస్తే 2 శాతం లోపు తేడాతో రీడింగ్ వచ్చింది, ఖర్చు సగం అయింది. చక్కటి ఇంజినీరింగే. ఐతే చదివే ప్రొఫెసర్‌కు ఒక సందేహం మిగిలిపోతుంది. ఇందులో తెలియని సంగతి ఏది? ఏది తెలుసుకోవాలని బయలుదేరావు?

ఇప్పుడు అదే పరికరాన్ని ఇంకోలా చూడండి. ఆక్సీమీటర్ వేలిలోకి రెండు కాంతులు పంపుతుంది, ఒకటి ఎరుపు, ఒకటి పరారుణ (కంటికి కనపడని, ఎరుపుకు అవతల ఉండే కాంతి). ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఈ రెండింటినీ వేరువేరు పాళ్లలో పీల్చుకుంటాయి. నాడి కొట్టుకున్నప్పుడల్లా మారే భాగాన్ని మాత్రమే తీసుకుని, రెండు కాంతుల నిష్పత్తి కడితే ఆక్సిజన్ శాతం వస్తుంది. జపాన్ ఇంజినీరు టకువో అయోయాగి 1970లలో కనిపెట్టిన కిటుకు ఇది. అయితే ఆ నిష్పత్తిని శాతంగా మార్చే పట్టికను ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల రక్తంతో సరిచూసి తయారుచేస్తారు. ఆ వాలంటీర్లలో నల్లటి చర్మం ఉన్నవాళ్లు తక్కువైతే ఏమవుతుంది? 2020 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయం వైద్యులు ఒక లెక్క ప్రచురించారు. ఆక్సీమీటర్ 92 నుంచి 96 శాతం చూపించిన సందర్భాల్లో, ధమని నుంచి తీసిన రక్తాన్ని పరీక్షిస్తే, అసలు శాతం 88 కన్నా తక్కువ ఉన్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం.

మన అమ్మాయి ఈ లెక్క చదివి, చర్మంలోని మెలనిన్ ఆ నిష్పత్తిని ఎంత మారుస్తుంది, నాడి బలహీనంగా ఉన్నప్పుడు ఆ తప్పు పెరుగుతుందా అని ఒక ల్యాబులో రెండేళ్లు తేల్చే ప్రయత్నం చేసిందనుకోండి. పరికరం అదే. ఇప్పుడు దాని వెనక ఒక ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న వార్డులో పుట్టింది. జవాబుకు ఆప్టిక్స్ కావాలి. రెండు డిగ్రీలు ఎందుకని వేరే వ్యాసంలో కష్టపడి వాదించనక్కర్లేదు. ప్రయోగం విఫలమైనా ఫరవాలేదు. ఎందుకు విఫలమైంది, తర్వాత ఏం చేశావు అని ఇంటర్వ్యూలో అడుగుతారు. నిజంగా చేసినవాళ్లు అక్కడ హాయిగా మాట్లాడతారు.

ఎన్ని గంటలు పరిశోధన చేసి ఉండాలన్న గీత ఎవరూ గీయలేదు. ఒకే ల్యాబులో కనీసం రెండేళ్లయినా ఉంటే, గైడు రాసే సిఫారసు ఉత్తరంలో ఆ బరువు కనిపిస్తుంది. పేపర్లు అచ్చయి ఉండటం తప్పనిసరి కాదు. దీనితో పాటు షాడోయింగ్ (డాక్టరు వెంట ఉండి ఆయన పని గమనించడం), ఆసుపత్రిలో సేవ కూడా ఉండాలి. ఇంజినీర్ల దరఖాస్తుల్లో బోసిగా కనిపించే చోటు ఇదే. ల్యాబులో మూడేళ్లు గడిపి రోగి మంచం పక్కన మూడు రోజులు కూడా లేనివాళ్లను ఎండీ కమిటీ దగ్గరే ఆపేస్తారు. ఇక్కడ ఎండీ కమిటీ, పీహెచ్‌డీ కమిటీ రెండూ సరే అనాలి.

స్కూలు ఎంపిక, క్యాలెండర్

ఇంజినీరు ముందుగా చూడవలసింది ఆ కార్యక్రమం ఇంజినీరింగ్ శాఖలో పీహెచ్‌డీ చేయనిస్తుందా అన్నది. అన్నీ చేయనివ్వవు. చేయనిచ్చినా, ఇంజినీరింగ్ శాఖ తన కోర్సులూ, తన అర్హత పరీక్షా పూర్తిగా రాయమంటే ఎనిమిదేళ్లు తొమ్మిది దాటవచ్చు. వైద్యం ఒకచోట, ఇంజినీరింగ్ ఒకచోట బలంగా ఉండి చేతులు కలిపిన జంటలు కొన్ని ఉన్నాయి. అట్లాంటాలో ఎమరీ, జార్జియా టెక్. పిట్స్‌బర్గ్‌లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం, కార్నెగీ మెలన్. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో యూసీఎల్ఏ, క్యాల్‌టెక్. ర్యాంకుల పట్టికలో కనిపించని ఒక చిన్న విషయం ఇలాంటిచోట ముఖ్యమవుతుంది: ఆసుపత్రి నుంచి ల్యాబుకు ఎంత దూరం? నడిచి వెళ్లగలిగితే ఒక రకం, ఊరు దాటాలంటే ఇంకో రకం.

క్యాలెండర్ పొడుగుది. దరఖాస్తు మే మొదట్లో తెరుచుకుంటుంది, నెలాఖరు నుంచి పంపవచ్చు. వేసవిలో ఒక్కో స్కూలు తనదైన ప్రశ్నలతో రెండో విడత దరఖాస్తు పంపుతుంది. శరదృతువు నుంచి ఫిబ్రవరి దాకా ఇంటర్వ్యూలు. వసంతంలో ఫలితాలు. ఆగస్టు దాటకముందే చేరాలి. అంటే చేరాల్సిన ఏడాదికి ముందు ఏడాది మే నాటికి ఎంక్యాట్ ముగిసి ఉండటం మంచిది.

నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో ఇవన్నీ ఇరికించడం అరుదుగా కుదురుతుంది. అందుకే డిగ్రీ అయ్యాక ఒకటి రెండేళ్లు ఏదైనా ల్యాబులో జీతానికి పనిచేసి, అప్పుడు దరఖాస్తు పెట్టేవాళ్లే ఎక్కువ. మన తల్లిదండ్రులకు ‘గ్యాప్’ అన్న మాట వినగానే గుండె జారుతుంది. మన దగ్గర లాంగ్ టర్మ్ కోచింగ్‌కు ఒక ఏడాది పోతే అది ఓటమి లెక్క. అక్కడ ఆ ఏడాది దరఖాస్తుకు బలం. ఈ ఒక్క తేడా అర్థమైతే ఇళ్లలో సగం గొడవలు తగ్గుతాయి.

ఎవరికి తలుపు మూసి ఉంది

ఎన్‌ఐహెచ్ శిక్షణ నిధులు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. కొన్ని విశ్వవిద్యాలయాలు సొంత డబ్బుతో విదేశీ విద్యార్థులను తీసుకుంటాయి గానీ, అవి తక్కువ, సీట్లు మరీ తక్కువ. తెలుగు కుటుంబాలకు ఇది నేరుగా తగులుతుంది. అమెరికాలో పుట్టిన పిల్లలకు సమస్య లేదు. చిన్నప్పుడు తల్లిదండ్రులతో హెచ్–4 మీద వెళ్లి అక్కడే పెరిగిన పిల్లలకు 21 ఏళ్లు నిండగానే ఆ వీసా పోతుంది. గ్రీన్‌కార్డు వరుస భారతీయులకు ఏళ్ల తరబడి సాగుతుంది కాబట్టి, సరిగ్గా దరఖాస్తు పెట్టే వయసుకు వాళ్లు విదేశీ విద్యార్థులైపోతారు. ఒకే ఇంట్లో అక్కకు మూసుకున్న తలుపు, అక్కడ పుట్టిన తమ్ముడికి తెరుచుకుంటుంది. ఇలాంటి పిల్లలు ఒక్కో స్కూలు నియమాన్ని ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

ఇక్కడ బీటెక్ చేసి నేరుగా వెళదామనుకునేవాళ్లకు దారి ఇంకా ఇరుకు. ఆమ్‌కాస్ విదేశీ మార్కుల జాబితాలను లెక్కలోకి తీసుకోదు. చాలా స్కూళ్లు అమెరికా కాలేజీలోనే చదివిన కోర్సులు చూపమంటాయి. ముందు అక్కడ ఇంజినీరింగ్ పీహెచ్‌డీకి వెళ్లడమే వాళ్లకు ఆచరణలో ఉన్న మార్గం.

మరి ఇక్కడే చేయలేమా? నీట్‌కు గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తేశారు. ఇంటర్‌లో బయాలజీ లేనివాళ్లు తర్వాత దాన్ని అదనపు సబ్జెక్టుగా పాసైనా అర్హులేనని జాతీయ వైద్య కమిషన్ 2023లో చెప్పింది. కాబట్టి బీటెక్ తర్వాత ఎంబీబీఎస్ అసాధ్యమేమీ కాదు. ఇంటర్న్‌షిప్‌తో ఐదున్నరేళ్లు మళ్లీ మొదటి నుంచి పడుతుంది, అంతే. ఎటొచ్చీ ఇంజినీరింగ్‌నూ వైద్యాన్నీ ఒకే గొడుగు కిందికి తెచ్చే సంస్థలు తక్కువ. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ ముందు నుంచీ ఆసుపత్రినీ పరికరాల తయారీనీ పక్కపక్కనే నడుపుతోంది. అక్కడ తయారైన గుండె కవాటాన్ని 1990లో తొలిసారి రోగికి అమర్చారు. ఖరగ్‌పుర్ ఐఐటీ ఎంబీబీఎస్ చేసినవాళ్లకు ఇంజినీరింగ్ నేర్పే మాస్టర్స్ నడుపుతోంది. బెంగళూరు ఐఐఎస్‌సీ 2022లో 425 కోట్ల రూపాయల విరాళంతో పీజీ మెడికల్ స్కూల్‌నూ 800 పడకల ఆసుపత్రినీ ప్రకటించింది. ఎండీ–పీహెచ్‌డీ అందులో భాగం. ఈ ఎండీ మాత్రం మన ఎండీ, అంటే ఎంబీబీఎస్ అయినవాళ్లకు.

డబ్బు లెక్క, అసలు లెక్క

ఫీజు లేదన్న మాట దగ్గరికి మళ్లీ వద్దాం. 22 ఏళ్లకు చేరితే 30కి రెండు డిగ్రీలు వస్తాయి. అక్కడితో అయిపోదు. రెసిడెన్సీ (ఏదో ఒక విభాగంలో ప్రత్యేక శిక్షణ, మన పీజీ లాంటిది) మూడు నుంచి ఏడేళ్లు. ఆ పైన చాలామందికి ఫెలోషిప్. సొంత ల్యాబు, సొంత గ్రాంటు చేతికొచ్చేసరికి నలభై దగ్గరపడుతుంది లేదా దాటుతుంది. ఎండీ మాత్రమే చేసినవాళ్లు అప్పుతో బయటపడతారు, నిజమే. అప్పున్నవాళ్ల అప్పు మధ్యస్థంగా 2 లక్షల డాలర్ల దాకా ఉంటుంది. అయితే వాళ్లు నాలుగేళ్లు ముందుగా పూర్తి డాక్టరు జీతం అందుకుంటారు. ఆ నాలుగేళ్ల జీతం ఆ అప్పు కన్నా చాలా పెద్దది. అందుచేత ఫీజు మిగులుతుందని ఎండీ–పీహెచ్‌డీకి వెళ్లడం లెక్క తెలియని బేరం. ఇంజినీర్లకు ఈ మాట చెప్పవలసి రావడం కాస్త విడ్డూరమే.

పైగా 2025లో ఎన్‌ఐహెచ్ నిధుల చుట్టూ అనిశ్చితి అలుముకుంది. కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించుకున్నాయి. ఎనిమిదేళ్ల చదువుకు ఒప్పుకునే ముందు, నిధులు ఆగితే మీరేం చేస్తారని స్కూలును అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇంకో సంగతి. వైద్యానికి పనికొచ్చే యంత్రం చేయాలనుకునే ప్రతి ఇంజినీరుకూ ఎండీ అవసరం లేదు. 1957 అక్టోబరు 31న మినియాపొలిస్‌లో కరెంటు పోయింది. అప్పటి పేస్‌మేకర్లు గోడ ప్లగ్గుతో నడిచేవి. పిల్లల గుండె ఆపరేషన్లు చేసే సర్జన్ వాల్టన్ లిలెహై, తమ ఆసుపత్రి పరికరాలు బాగుచేసే ఇంజినీరు ఎర్ల్ బకెన్‌ను పిలిచి దీనికేదైనా చేయమన్నాడు. బకెన్ కొన్ని వారాల్లోనే బ్యాటరీతో నడిచే, రోగి ఒంటిమీద తగిలించుకునే పేస్‌మేకర్ చేసిచ్చాడు. ఆయన డాక్టరు కాదు. ఆయనకు కావలసిందల్లా తన గోడు సరిగ్గా చెప్పగల ఒక సర్జన్, దాన్ని వినే ఓపిక. మంచి బయోమెడికల్ పీహెచ్‌డీ చేసి, మంచి డాక్టరుతో జతకట్టినవాళ్లు ఇవాళ కూడా అలాగే పనిచేస్తున్నారు. పరిశోధన రుచి చూస్తూ డాక్టరుగానే ఉండాలనుకునేవాళ్లకు క్లీవ్‌లండ్ క్లినిక్ లెర్నర్ కాలేజీ లాంటి చోట ఫీజు లేని ఐదేళ్ల ఎండీ ఉంది.

ఇంటర్వ్యూలో ఎలాగూ రెండు ప్రశ్నలు వస్తాయి. పీహెచ్‌డీ చాలదా? ఎండీ చాలదా? నా అభిప్రాయంలో రోగిని వారం వారం చూడకుండా ఉండలేనివాళ్లు, ఆ రోగిలో చూసిన సమస్య వెంట ల్యాబుదాకా వెళ్లకుండా ఉండలేనివాళ్లు, ఈ రెండు లక్షణాలూ ఒకే మనిషిలో ఉంటేనే ఎనిమిదేళ్లు గిట్టుబాటు అవుతాయి. ఒకటే ఉంటే ఒక డిగ్రీ చాలు.

ఏ లక్షణం ఉందో ఇంట్లో కూర్చుని తేల్చుకోలేం. దరఖాస్తు తెరవకముందు ఒక సెమిస్టరు పాటు శనివారాలు ఆసుపత్రిలో గడపండి. ఒక వేసవి అంతా ఒకే ల్యాబులో, ఒకే ప్రశ్న మీద ఉండండి. తొందర పడకండి. దరఖాస్తు ఏటా మే నెలలో మళ్లీ తెరుచుకుంటుంది.